పారు నీటిలోనే సబ్బు: ప్రత్తి రైతు చేతులకు రక్ష



ఉరుకుంద చుట్టుపట్టుల ఆదోని మార్కెట్టుకై ప్రత్తి పండించు మీరు, మందు చల్లి గట్టున కూర్చొనగానే మొదట చేయు పని యేది? సద్దిమూట విప్పుటయా, చేతులు కడుగుకొనుటయా? వట్టి నీటితో కడిగిన చేయి శుభ్రముగానే కనిపించును. కాని పురుగుమందులలో పెక్కు నూనె వంటి ద్రవములలో కరగించినవి. అవి చర్మమునంటి, సబ్బు లేనిదే పూర్తిగా వదలవు. ఆ చేతితో విరిచిన జొన్నరొట్టెతో మందు కడుపులోనికి పోవును.

కుళాయికి తగిలించి, పారు నీటిలో ద్రవపు సబ్బును కలుపు చిన్న పరికరము కలదు. గొట్టము సన్నపడినచోట నీరు వేగముగా పారును. అచట ఒత్తిడి తగ్గును. అందుచే ప్రక్కగొట్టము నుండి సబ్బు లోనికి లాగబడును. ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచురీ 1797లో ప్రకటించిన సూత్రమే యిది. డ్రిప్పు నీటిలో యూరియా ద్రావణమును కలుపు వెంచురీ పరికరమును ఇట్లే పనిచేయును.

రెండు జాగ్రత్తలు గలవు. నీటి ఒత్తిడి చాలనిచో సబ్బు లాగబడదు. నీరు వెనుకకు మరలినచో సబ్బుగాని ఎరువుగాని త్రాగు నీటిలో కలియును. కావున నీటిని వెనుకకు పోనీయని కవాటమును తప్పక అమర్చవలెను.

కుళాయి లేని పొలమున, మూతకు బెజ్జము పెట్టిన సీసాలో సబ్బునీరు పోసి కొమ్మకు వ్రేలాడగట్టుడు. పురుగుమందు డబ్బాను ఇందుకు వాడరాదు. ఒకరు చెంబుతో నీరు పోయగా మోచేతుల వరకు రుద్ది కడుగుకొనుడు. కడిగిన నీటిని కాలువలో పడనీయకుడు. ఆ పిదపనే సద్ది విప్పుడు.