కాంతితో రాసినట్లు కనిపించే తెలుగు అక్షరాలు

అశోక్ నగర్ కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద, చిక్కడపల్లి, నారాయణగూడ డి.టి.పి. కేంద్రాల్లో తయారయ్యే పోస్టర్ల మీద మెరిసే అక్షరాలను మీరు చూసే ఉంటారు. వాటిలో చాలావరకు చుట్టూ వెలుగు పూసిన అక్షరాలే గాని, వెలుగుతో రాసినవి కావు. రెండో రకాన్ని ఫోటోషాప్‌లో ఎలా సాధించాలో ఇప్పుడు తెలుసుకుందాం.

చీకట్లో కెమెరా షట్టర్‌ను కొన్ని సెకన్లు తెరిచి ఉంచి, ఎదురుగా టార్చిలైటు కదిపితే ఆ కదలికంతా ఒకే ఫోటోలో గీతగా పడుతుంది. 1949లో జోన్ మిలి తీసిన ఫోటోల్లో పికాసో ఇలాగే గాలిలో బొమ్మలు గీశాడు. అంటే ఫోటోలో పడేది చెయ్యి నడిచిన దారి. టైపు చేసిన అక్షరాన్ని పాత్‌గా మార్చి బ్రష్‌తో గీయిస్తే ఆ దారి దొరకదు. అక్షరానికి రెండు వైపులా ఉన్న అంచులు వెలుగుతాయి; చూడటానికి గొట్టంలా ఉంటుంది.

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం ముందు సాయంత్రం తీసిన ఫోటో మీద 'చదువు' అని రాయాలనుకుందాం. ఫోటోను బాగా చీకటి చేయండి. పదాన్ని టైపు చేసి, ఆ లేయర్‌ను మసకగా ఉంచండి. అది పలక మీద దిద్దడానికి పెట్టిన అక్షరం వంటిది. పెన్ టూల్‌తో అక్షరం మధ్యగా, మీరు చేత్తో రాసే వరుసలోనే పాత్ గీయండి. తలకట్లను విడిగా గీయండి. కొత్త లేయర్‌లో, అంచులు మెత్తగా ఉన్న సన్నని తెల్లటి బ్రష్‌తో స్ట్రోక్ పాత్ ఇవ్వండి. సిమ్యులేట్ ప్రెషర్‌ను ఎంచుకుంటే గీత మొదలు, చివర సన్నబడతాయి. బ్రష్ సైజు కంట్రోల్ పెన్ ప్రెషర్‌లో లేకపోతే మాత్రం ఈ మార్పు కనిపించదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

తరువాత అవుటర్ గ్లోను స్క్రీన్ మోడ్‌లో ఇవ్వండి. రంగు గ్లోకే ఇవ్వాలి, గీత తెల్లగానే ఉండాలి. కాంతి మరీ ఎక్కువైన చోట కెమెరా సెన్సర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ గరిష్ఠానికి చేరి తెలుపు నమోదవుతుంది; అసలు రంగు అంచుల్లోనే మిగులుతుంది. గీతకూ రంగు వేస్తే అది కాంతిలా కాక పెయింటులా కనిపిస్తుంది. అక్షరాల కింద రోడ్డు మీద కూడా అదే రంగును పలుచగా పూయండి.

గ్లో పెంచాలన్న మోజు తెలుగులో ప్రమాదం. 'థ'లోని చుక్క వెలుగులో మునిగితే 'కథ' కాస్తా 'కధ' అవుతుంది. వత్తులు పైఅక్షరానికి అతుక్కుపోతాయి. మరో మాట: తెర స్వయంగా వెలుగుతుంది, కాగితం వెలగదు. ప్రెస్సుకు పంపే ముందు సీఎంవైకేలో ఒకసారి చూసుకోండి. నీలం, ఆకుపచ్చ గ్లోలు బాగా చప్పబడతాయి. నేపథ్యాన్ని ఇంకా చీకటి చేస్తే కొంత మేలు.

అభ్యాసం: 'కథ' అనే పదాన్ని రెండు గ్లో సైజులతో రాయండి. పది అడుగుల దూరం నుంచి మీ ఇంట్లోవారి చేత చదివించి, ఏది సరిగా చదివారో రాసుకోండి.