చిలుక మగదా, ఆడదా?

 చెట్ల మీద వాలే రామచిలుకల్లో మెడ చుట్టూ నలుపు, గులాబీ రంగు పట్టీ ఉన్నది మగది. ఆడదానికి ఆ పట్టీ ఉండదు. అయితే తొందరపడొద్దు! మగపిల్లకైనా అది రావడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది.

రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇళ్లలో పెంచుకోదగ్గవి ఆస్ట్రేలియా జాతి బడ్జీలు. సంతలో లవ్‌బర్డ్స్ పేరుతో అమ్మేవి చాలావరకు ఇవే. వీటి ముక్కు రంధ్రాల చుట్టూ ఉన్న మెత్తటి చర్మాన్ని దగ్గరగా చూడండి. పెద్దయిన మగదానికి అది నున్నగా, నీలంగా ఉంటుంది. ఆడదానికి తెల్లగానో, లేత నీలంగానో ఉండి, గుడ్లు పెట్టే కాలంలో గోధుమ రంగుకు మారి గరుకెక్కుతుంది. ఇది హార్మోన్ల పని. తెల్ల, పసుపు బడ్జీల్లో మాత్రం ఈ గుర్తు మోసం చేస్తుంది. వాటిలో మగవాటికి నీలం బదులు గులాబీ రంగు ఉండొచ్చు.

ఎక్లెక్టస్ చిలుకల్లో మగది పచ్చన, ఆడది ఎర్రన. వాటిని చాలాకాలం రెండు వేర్వేరు జాతులనుకున్నారు!

మైనాల్లో ఆడామగా ఒకేలా ఉంటాయి. అప్పుడు డీఎన్‌ఏ పరీక్షే దారి. మనుషుల్లో మగవారికి రెండు రకాల లింగ క్రోమోజోములు ఉంటే, పక్షుల్లో ఆడవాటికి ఉంటాయి. పరీక్షలో చూసేది ఈ తేడానే. పరీక్షకు ఒక ఈక చాలు. దాన్ని మీరే పీకకండి, పక్షికి నొప్పి. పశువైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి.