పక్కవాడికి ఇబ్బంది కాని పరిమళం

జుమా రోజున గుస్ల్ చేసి, మిస్వాక్ చేసుకుని, ఇంట్లో ఉన్న సువాసన పూసుకుని మస్జిదుకు వెళ్ళమని దైవప్రవక్త (స) బోధించారు. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిని ఆ వాసనతో రావద్దనీ వారించారు. పక్కన నిలిచే నమాజీకి మనవల్ల బాధ కలగరాదన్నదే ఇందులోని మర్మం.

మరి ఘాటైన సెంటు చల్లుకుని వస్తే? వీరులపాడు వంటి మెట్ట గ్రామాల ఎండవేడికి అది మరింత గుప్పుమంటుంది. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తెస్తుంది. భుజానికి భుజం ఆనించి నిలిచే సఫ్‌లో వారు ఎటు జరగగలరు?

చైనాలో గ్రీన్ టీ ఆకులో మల్లెపూలు కలిపి రాత్రంతా ఉంచుతారు. రాత్రివేళ విచ్చుకునే ఆ పూల వాసనను ఆకు పీల్చుకుంటుంది. తర్వాత పూలు ఏరేస్తారు, లేత పరిమళం మిగులుతుంది. ఆ రెండు వాసనలు కలిసిన తేలికపాటి సెంట్లు నేడు బజారులో ఉన్నాయి. స్పిరిట్ వద్దనుకునేవారికి అత్తరు ఉంది. కన్నౌజ్‌లో రాగి డేగ్‌లలో పూలు ఉడికించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి దించడం పాత పద్ధతి. ఏదైనా మణికట్టుకు ఒక చుక్క చాలు.

సోదరులారా! సువాసన సున్నత్. హాయిగా ఊపిరి పీల్చుకోవడం పక్కవాడి హక్కు. ఒకటి పాటిస్తూ రెండోది కాలరాయకండి.