పారవేసే పొలుసు, మానని పుండు

కొల్లేరు చుట్టుపక్కల చెరువులలో పనిచేసేవారికి కాలికి గుల్లలు కోసుకోవడం మామూలే. చక్కెర వ్యాధి ఉన్నవారికి మాత్రం అది చిన్న గాయం కాదు. స్పర్శ తగ్గిన పాదానికి నొప్పి తెలియదు. పుండు మానక, చివరకు కాలే తీసివేయవలసి రావచ్చు.

ఇలాంటి పుండ్లను విద్యుత్తుతో మాన్పవచ్చునా అని శాస్త్రజ్ఞులు పరిశోధిస్తున్నారు. చర్మం తెగినచోట సహజంగానే అతి సన్నని విద్యుత్తు ప్రవహిస్తుంది. 1843లో జర్మనీకి చెందిన దు బోయా-రేమాన్ తన వేలి గాయంలోనే దానిని కొలిచాడు. కొత్త చర్మకణాలకు గాయంవైపు దారి చూపేవాటిలో ఈ ప్రవాహం ఒకటి. 2018లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంవారు ఎలుకలకు ఒక కట్టు కట్టారు. ఎలుక ఊపిరి తీసే కదలికతోనే, ఒరిపిడివల్ల, అందులో విద్యుత్తు పుట్టింది. మామూలుగా 12 రోజులు పట్టే గాయం 3 రోజులలో మానింది.

విద్యుత్తు పుట్టించే మార్గం మరొకటి ఉంది. మన వంటింటి గ్యాస్ లైటర్‌ను చూడండి. బ్యాటరీ లేకుండానే, లోపలి ముక్కపై దెబ్బ పడగానే నిప్పురవ్వ వస్తుంది. దీనిని పీజోఎలక్ట్రిక్ గుణం అంటారు. 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు దీనిని స్ఫటికాలలో కనుగొన్నారు. 1957లో జపానుకు చెందిన ఫుకాడా, యసుదా ఎముకలోనూ ఈ గుణం ఉన్నదని చూపారు.

అయితే లైటర్లలో సాధారణంగా వాడే ముక్కలో సీసం ఉంటుంది. విషమైన సీసాన్ని పుండుపై ఎలా ఉంచగలం? శరీరానికి హాని చేయని పదార్థం కావాలి. ఏలూరు, తాడేపల్లిగూడెం చేపల మార్కెట్లలో ఊడ్చి పారవేసే పొలుసులో అటువంటిది ఉన్నది. అదే కొల్లాజెన్. మన చర్మంలోనూ ఉండే మాంసకృత్తు ఇది. 2016లో కలకత్తాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంవారు పొలుసులలోని ఖనిజాన్ని తీసివేసి, మెత్తబడిన ఆ పొరలతో విద్యుత్తు పుట్టించి, 50కి పైగా చిన్న ఎల్.ఇ.డి. దీపాలు వెలిగించారు. మన శీలావతి, బొచ్చె చేపలు మంచులో కలకత్తాకు వెళుతుంటాయి. పొలుసు విలువ మనకు అక్కడివారు చెప్పారు. తాడేపల్లిగూడెం ఎన్.ఐ.టి.లో చదివే మన యువతీయువకులు దీనిపై దృష్టి పెడితే ఎంత మేలు!

ఒక హెచ్చరిక. దీపం వెలిగించిన పొలుసు ఇంకా పుండుకు మందు కాలేదు. దానిని తెచ్చి గాయానికి కట్టవద్దు. కాఫీపొడి, సున్నం వంటివీ పెట్టవద్దు. గాయాన్ని మంచినీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, ఆలస్యం చేయక వైద్యునికి చూపండి. చక్కెర వ్యాధి ఉన్న పెద్దలు మీ ఇంట ఉంటే, ప్రతి రాత్రి దీపం వెలుగులో వారి అరికాళ్లను ఒకసారి చూడండి.