చాలకాలమునకు మరల మోటారు సైకిలు నెక్కువారికి

అభ్యాసము కూసు విద్య యని పెద్దలు చెప్పుదురు. మోటారు సైకిలు విషయమున ఈ సామెత సగమునకే వర్తించును. ఒకమారు నేర్చిన స్వారిని దేహము పదేండ్లకైనను మరువదు. ఈత, సైకిలు త్రొక్కుట మొదలగు నేర్పులవలె నిదియు చిన్నమెదడు మొదలైన భాగములలో నిలిచి, తలంపుతో పనిలేకయే సాగుచుండును. కాని వేగమును కొలుచుట, ఎదుటి బండి యేమి చేయునో ఊహించుట, అపాయమును ముందుగా కనిపెట్టుట యనునవి అభ్యాసము తప్పినచో సడలిపోవును. చేతులు మరువవు, చూపు మరచును. క్రొత్తగా నేర్చువానికి భయము కావలి కాయును. పాతవానికి ఆ కావలి యుండదు. అందుచేత మరల నెక్కువాడే యెక్కువ జాగరూకుడై యుండవలెను.

ఈ సంగతి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల వారికి మిక్కిలి దగ్గరిది. ఇచ్చటి కుటుంబములనుండి అనేకులు దుబాయి, సౌదీ అరేబియా, కువైటు, ఖతరు మొదలగు దేశములకు పనికై పోయి, యేండ్ల తరబడి యుండి, తిరిగి వచ్చుచుందురు. సిరిసిల్ల నేతపనివారిలో భివండికి, సూరతునకు వలసపోయినవారును కలరు. ఇంటికి వచ్చినవారు మూలనున్న బండిని తుడిచి, పిల్లలను వెనుక నెక్కించుకొని చుట్టముల యూళ్లకు బయలుదేరుట సహజమే. కావున ఈ క్రింది విషయములు తండ్రులకును, వారి బిడ్డలైన విద్యార్థులకును తెలిసియుండుట మేలు.

మొదటిది, పాత అలవాటు. పూర్వపు బుల్లెటు బండ్లకు గేరు కుడికాలి కడను, వెనుక బ్రేకు ఎడమకాలి కడను ఉండెడివి. తరువాతి బండ్లలో ఇవి తారుమారైనవి. గేర్ల వరుస కూడ అన్ని బండ్లకు నొకటి కాదు. కొన్నిటియందు అన్ని గేర్లను ముందునకే నొక్కవలెను. కొన్నిటియందు మొదటిది క్రిందికిని, తక్కినవి పైకిని వేయవలెను. తీరికగా పోవునపుడు మనస్సు ఈ భేదమును జ్ఞప్తియందుంచుకొనును. గేదె యొకటి హఠాత్తుగా అడ్డము వచ్చినపుడు మాత్రము కాలు పాత చోటునే వెదకును. 2019 ఏప్రిల్ నుండి అమ్మబడుచున్న చిన్న బండ్లు పెక్కింటిలో బ్రేకులు జంటగా పనిచేయును; పెడలును త్రొక్కినచో ముందు చక్రమును కూడ పట్టును. 2017 ఏప్రిల్ నుండి వచ్చిన బండ్లకు దీపము పగలును వెలుగుచునే యుండును. అది లోపము కాదు, నిబంధన.

రెండవది, గల్ఫు దేశములనుండి వచ్చినవారికి ప్రత్యేకమైనది. అచ్చట బండ్లు బాటకు కుడివైపున నడుచును. మన దేశమున ఎడమవైపున నడుచును. సందులోనుండి పెద్దబాట మీదికి వచ్చునపుడు అచ్చట దగ్గరి బండి ఎడమనుండి వచ్చును. ఇచ్చట కుడినుండి వచ్చును. ఏండ్ల తరబడి ఎడమకు ముందుగా తిరిగిన మెడ, ఊరికి వచ్చిన తరువాతను అటే తిరుగును. నిజామాబాదు వైపునుండి ఆర్మూరు, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాలల మీదుగా మంచిర్యాలకు పోవు 63వ జాతీయ రహదారి పై లారీలు వడిగా పోవుచుండును. అట్టి బాట మీదికి ఎక్కునపుడు ముందు కుడి, పిమ్మట ఎడమ, మరల కుడి చూచుట నోటితో చెప్పుకొనియైన అలవరచుకొనవలెను.

మూడవది, ఆగు దూరము. ఇది లెక్కల తరగతిలో చేయదగిన లెక్క. గంటకు 30 కిలోమీటర్ల వేగమున బండి సెకనునకు సుమారు 8 మీటర్లు పోవును. అపాయము కంటబడి బ్రేకు పట్టుటకు ఒక సెకను పట్టుననుకొందము. ఆ 8 మీటర్లు గడచిన పిమ్మట, పొడిబాటపై మంచి బ్రేకులతో ఆగుటకు మరి 5 మీటర్లు కావలెను. మొత్తము 13. వేగము 60 అయినచో మొదటి సెకనులో 17, ఆగుటకు 20, మొత్తము 37 మీటర్లు. వేగము రెండింతలు కాగా దూరము దాదాపు మూడింతలైనది. అభ్యాసము తప్పినవానికి ఒక సెకనునకు మారుగా రెండు పట్టినచో అది 54 మీటర్లగును. బండి ఆగునపుడు బరువు ముందునకు వ్రాలును గనుక ముందు బ్రేకునకే బలమెక్కువ. దానిని విడువక, ఒక్కసారిగ గుంజక, క్రమముగా బిగింపవలెను. వడ్లు, ఇసుక, బురద గల చోట మాత్రము ముందే వేగము తగ్గించి, హాండిలు త్రిప్పక మెల్లగా దాటవలెను. కోతల కాలమున మన బాటలపై వడ్లు, మక్కలు ఆరబోసి, రాత్రి పరదాలు కప్పి చుట్టును రాళ్లు పేర్చుటయు కలదు. చీకటిలో ఆ రాయి కనబడదు.

నాలుగవది, శిరస్సు. అరేబియా లారెన్సు అని పేరుగాంచిన టి. ఇ. లారెన్సు 1935 మే నెలలో ఇంగ్లండునందు సైకిళ్లపై నున్న ఇరువురు బాలురను తప్పింపబోయి మోటారు సైకిలునుండి పడి, ఆరు దినములకు మరణించెను. ఆయనకు చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్సు అను శస్త్రవైద్యుడు ఆ మృతిచే కలతచెంది, స్వారులకు తగులు తలదెబ్బలను పరిశోధించి 1941లో ప్రకటించెను. ఆ ఏడాదియే బ్రిటిషు సైన్యము తన మోటారు సైకిలు స్వారులు హెల్మెట్టు ధరింపవలెనని ఆజ్ఞాపించెను. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము దీనినే విధించుచున్నది. ఐ.ఎస్.ఐ. గుర్తు గల దానిని గడ్డము క్రింద పట్టీ బిగించి ధరించిననే ఫలము. వెనుక కూర్చున్నవారి శిరస్సునకును విలువ యదే.

బండిని సయితము పరీక్షింపవలెను. టైరు ప్రక్కన నాలుగంకెలుండును. 3219 అని యున్నచో 2019వ సంవత్సరపు 32వ వారమున చేయబడినదని యర్థము. బాగుగా నున్నట్లు కనబడినను పాత రబ్బరు గట్టిపడి బాటను పట్టదు. నిలువయున్న పెట్రోలును తీసివేసి, గొలుసునకు నూనె వేసి, బ్రేకులను మేస్త్రీకి చూపవలెను. లైసెన్సు గడువును, బీమాను చూచుకొనవలెను. 2019 నాటి సవరణ ననుసరించి లైసెన్సు గడువు తీరి ఏడాది దాటినచో మరల పరీక్ష నిచ్చిననే క్రొత్తది చేయుదురు.

అభ్యాసమునకు క్రమము కలదు. మొదట ఖాళీ మైదానమున ఆగుట, తిరుగుట, నెమ్మదిగా పోవుట; పిమ్మట ఉదయమున పలుచని బాట; తరువాత బజారు; ఆ తరువాతనే వెనుక మనిషి, రాత్రి, వాన. వెనుక మనిషి కూర్చున్నచో బండి ఆగు తీరును, తిరుగు తీరును మారును గనుక, బిడ్డ నెక్కించుకొనుట తుదిపాఠము కాని మొదటిది కారాదు.

విద్యార్థులారా! ఏండ్లకు ఇంటికి వచ్చిన తండ్రి మొదటి దినముననే మిమ్ము బండిపై త్రిప్పవలెనని ముచ్చటపడును. ఆ ముచ్చటను వారము దినములు వాయిదా వేయుమని ప్రేమతో అడుగుడు. ఎడారిలో కష్టించి ఆయన తెచ్చినది ఇంటిల్లిపాది సుఖమునకే గదా. అది నిలుచుట కొక వారము శిష్యరికము పెద్ద వెల కాదు.