వాగు మధ్యలో ఎందుకు ఎండిపోయింది?

ఎగువన నీళ్లున్నాయి, దిగువనా ఉన్నాయి. మధ్యలో మాత్రం వాగు ఎండిపోయింది! ఆస్ట్రేలియాలో సిడ్నీకి దక్షిణాన వరాటా అనే వాగులో ఇలాగే జరిగింది. నీళ్లు ఎటు పోయాయి?

ఆ వాగు కింద బొగ్గు గని ఉంది. లాంగ్‌వాల్ పద్ధతిలో యంత్రం బొగ్గు పొరను బారుగా కోసుకుంటూ ముందుకు పోతుంది. వెనక మిగిలిన ఖాళీలోకి గని కప్పును కూలనిస్తారు. దాంతో పై రాతిపొరలు వంగుతాయి, చివరికి నేల కూడా కుంగుతుంది.

మైదానంలోనైతే వాగు వాలు మారుతుంది. కుంగిన చోట నీళ్లు నిలుస్తాయి. అందులోకి దిగే అంచు దగ్గర వేగం పెరిగి ఒడ్డు కోసుకుపోతుంది. లోయలో కథ వేరు. రెండు పక్కల వాలులు దగ్గరికి జరుగుతాయి. అట్టముక్కను రెండు వైపుల నుంచీ నొక్కి చూడండి, మధ్యలో ఉబ్బుతుంది కదా? వాగు అడుగూ అలాగే ఉబ్బుతుంది. కానీ అది ఇసుకరాయి, ఎక్కువ వంగలేక పగులుతుంది. నీళ్లు ఆ పగుళ్లలోకి జారి, కొంత దూరం రాళ్ల లోపలే పారి, దిగువన పైకొస్తాయి. వస్తూ వస్తూ రాతిలోని ఇనుమును కరిగించుకొస్తాయి. గాలి తగలగానే అది తుప్పు రంగు మడ్డిగా పేరుకుంటుంది.

మరి అతకలేమా? వరాటాలో పగుళ్లలోకి పాలీయూరిథేన్ ఎక్కించారు. అయితే లోపలి పగుళ్లన్నిటినీ వెతికి పూడ్చడం చాలా కష్టం. అసలు నేల కుంగకుండానే చూడొచ్చా? మన సింగరేణి భూగర్భ గనులు చాలావాటిలో బొగ్గు తీసిన ఖాళీలను ఇసుకతో నింపేవారు. దానివల్ల నేల తక్కువ కుంగుతుంది, కానీ ఆ ఇసుకను నదుల నుంచి తేవాలి, అదింకో తంటా! అన్నిటికన్నా ఖాయమైన దారి, వాగు కిందా దాని చుట్టుపక్కలా బొగ్గును తీయకుండా వదిలేయడమే.