వీడియో మధ్యలో బొమ్మ ఎందుకు మసకబారుతుంది? ఆ నిర్ణయం మీ ఫోన్‌దే!

ఎంజీబీఎస్‌లో బస్సెక్కి ఫోన్‌లో క్రికెట్ మ్యాచ్ పెట్టారు. బొమ్మ అద్దంలా ఉంది. సిటీ దాటి హైవే ఎక్కారో లేదో, స్కోరు కూడా సరిగ్గా కనిపించనంత మసక. కానీ మ్యాచ్ ఆగలేదు. కాసేపటికి మళ్లీ క్లియర్. మనం నెట్‌వర్క్‌ని తిట్టుకుంటాం. నిజానికి వీడియో ఆగిపోకూడదని ఫోన్‌లోని ప్లేయర్ కావాలనే క్వాలిటీ తగ్గించింది.

అసలు ఎలా జరుగుతుంది?

దీన్ని అడాప్టివ్ బిట్‌రేట్ స్ట్రీమింగ్ అంటారు. యాపిల్ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్, 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన ఎంపెగ్-డాష్ ఇలాగే పనిచేస్తాయి. ఒకే వీడియోని తక్కువ నుంచి ఎక్కువ వరకు రకరకాల క్వాలిటీల్లో సర్వర్‌లో ఉంచుతారు. ఒక్కోదాన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా కోస్తారు. ముక్క 6 సెకన్లు ఉండాలన్నది యాపిల్ సూచన. తర్వాతి ముక్క ఏ క్వాలిటీలో కావాలో అడిగేది మీ ఫోనే.

ఏం చూసి డిసైడ్ చేస్తుంది?

ముఖ్యంగా రెండు విషయాలు. ఇంతకుముందు ముక్కలు ఎంత స్పీడ్‌గా దిగాయి? ఇంకా ఎన్ని సెకన్ల వీడియో నిల్వ ఉంది? ఆండ్రాయిడ్ యాప్‌లు వాడే గూగుల్ ఎక్సోప్లేయర్‌నే తీసుకుందాం. డిఫాల్ట్‌గా అది కనీసం 10 సెకన్ల నిల్వ ఉంటేనే క్వాలిటీ పెంచుతుంది. 25 సెకన్లు నిల్వ ఉంటే, స్పీడ్ పడిపోయినా కంగారుపడి తగ్గించదు. ఈ నిదానం లేకపోతే బొమ్మ క్షణానికోలా మారిపోతుంది.

ప్లేయర్‌కి తెలియనిది ఇదే

ప్లేయర్ తన ఫోన్ సంగతే చూసుకుంటుంది. మొత్తం నెట్‌వర్క్‌పై ఎంత భారం పడుతోందో దానికి తెలియదు. అందుకే 2020 మార్చిలో లాక్‌డౌన్ వేళ మన దేశంలోని ప్రధాన వీడియో సంస్థలే కూర్చుని, మొబైల్ నెట్‌లో ఏప్రిల్ 14 వరకు 480పీ దాటకూడదని నిర్ణయించాయి.

మీ ప్యాక్‌లో ఎంత డేటా మిగిలిందో కూడా సాధారణంగా దాని లెక్కలో ఉండదు. సిగ్నల్ బాగుంటే 'ఆటో' మోడ్ క్వాలిటీ పెంచుకుంటూ పోతుంది. 3 ఎంబీపీఎస్ వీడియో గంటకు దాదాపు 1.35 జీబీ లాగేస్తుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్న స్టూడెంట్‌కి ఒక గంట క్లాస్‌తోనే డేటా అయిపోయినట్టే. అదే 1 ఎంబీపీఎస్ అయితే 450 ఎంబీ చాలు.

మరి ఏం చేయాలి?

ప్రయాణంలో 1080పీ ఫిక్స్ చేయొద్దు. అలా చేస్తే క్వాలిటీ మార్చుకునే వీలు ప్లేయర్‌కి ఉండదు, సిగ్నల్ తగ్గగానే చక్రం తిరుగుతూ కూర్చుంటుంది. 'ఆటో'లోనే ఉంచండి. డేటా తక్కువుంటే మాత్రం యాప్ సెట్టింగ్స్‌లో డేటా సేవర్ ఆన్ చేయండి. సిగ్నల్ సంగతి ఫోన్ చూసుకుంటుంది, ప్యాక్ సంగతి మీరే చూసుకోవాలి.